సభకు పంపిన సున్నా

గురువారం పదకొండు గంటలకు మెయిల్ వచ్చింది. నాలుగింటికల్లా జవాబు కావాలన్నారు. పైన ఎర్రక్షరాల్లో ‘పార్లమెంటు ప్రశ్న, అత్యంత జరూరు’ అని, అడుగున ‘సమాచారమేమీ లేకపోయినా నిల్ రిపోర్టు తప్పక పంపవలెను’ అని ఉంది. ఈ రెండింటి నడుమ ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కణ్ణుంచి నిజామాబాదుకు దిగివచ్చిన ఐదు ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ప్రతి ఉత్తరంలోనూ ఒక పెద్ద అధికారి తన కింది అధికారితో ‘మీరు చెప్పండి’ అన్నాడు. అందరికంటే అడుగున ఉన్నది జల నాణ్యతా విభాగం జిల్లా కార్యాలయం. జనం దాన్ని నీళ్లాఫీసు అంటారు. ఆ నీళ్లాఫీసులో అందరికంటే అడుగున ఉన్నది సౌందర్య. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున పనిచేస్తున్న డేటా ఎంట్రీ ఆపరేటరు.

ఆమె ప్రశ్న చదివింది. ఎడపల్లి మండలం సోమారంపల్లెలో ఇథనాల్ ఫ్యాక్టరీ వదిలే మురుగు వల్ల సాగుబావులు చెడిపోయాయని ఫిర్యాదులు అందిన మాట నిజమేనా? అందితే ఎన్ని? వాటిపై తీసుకున్న చర్య ఏమిటి?

చూడక్కర్లేకుండానే ఆమెకు లెక్క తెలుసు. నలభై ఒకటి. దసరా పోయినప్పటి నుంచి ప్రతి సోమవారం ఫిర్యాదుల రోజున ఆ అర్జీలను తన చేత్తోనే అందుకుంది. తానే ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చింది.

మెయిల్ ప్రింటు తీసి సూపరింటెండెంటు దశరథం బల్ల మీద పెట్టింది. ఆయనకు రిటైర్మెంటు ఇంకో అయిదు నెలలుంది. కళ్లజోడు నుదుటి మీదే ఉంచుకుని, కాగితాన్ని చేయి చాచినంత దూరం పట్టుకుని చూశాడు. చదవడం పూర్తికాకముందే జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

“రాయి. అంశం ఒకటి, నిల్. అంశం రెండు, ఉత్పన్నం కాదు. మూడు, ఉత్పన్నం కాదు. గంతే.”

“సార్, నలభై ఒకటి వచ్చినయి.”

“ఏడున్నయి?”

“కంప్యూటర్ల ఉన్నయి సార్. నేనే ఎక్కించిన.”

“తెరువు, సూద్దాం.”

తెరిచింది. నలభై ఒక్క వరసలు, అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. చివరి గడిలో ‘పరిష్కృతం’. పక్కనే దాన్ని నొక్కిన మనిషి లాగిన్ నంబరు ఉంది. ఆ నంబరు సౌందర్యది.

ఆ ఆఫీసులో పని జరిగే తీరే అంత. అర్జీ వస్తుంది. దాన్ని బోధన్ సబ్ డివిజన్‌కు పంపాలి. పంపగానే ఇక్కడి పని తీరిపోయినట్టే లెక్క, కాబట్టి ‘పరిష్కృతం’ నొక్కేయాలి. నొక్కకపోతే ఆ వరస ఎర్రగా ఉండిపోతుంది. శనివారం వీడియో సమావేశంలో హైదరాబాదు పెద్దలు ఎర్ర వరసలు లెక్కపెట్టి జిల్లా అధికారిని నలుగురిలో కడిగేస్తారు. ఆయన వచ్చి దశరథాన్ని కడుగుతాడు. అందుకని శుక్రవారం సాయంత్రానికల్లా అన్నీ పచ్చబడతాయి. ఎవరూ దాన్ని అబద్ధం అనుకోరు. సౌందర్య కూడా అనుకోలేదు. నలభై ఒక్కసార్లు నొక్కింది.

“పరిష్కారమైనంక ఫిర్యాది ఉంటదా? ఉండదు. లేనిదాన్ని ఏమంటరు? నిల్ అంటరు,” అన్నాడు దశరథం.

“బోధన్ ఆఫీసుల అర్జీలు సూసే కుర్చీ పద్నాలుగు నెలల సంది ఖాళీగున్నది కద సార్. ఎవలు పరిష్కరించినట్టు?”

“గది వేరే ప్రశ్న. వాళ్లు అడగలే.”

“వాళ్లడిగింది అందినయా అని సార్. మిగిలినయా అని కాదు.”

దశరథం కళ్లజోడు కిందికి దించి అప్పుడు ఆమెను చూశాడు. “సౌందర్యా, ప్రశ్న వాళ్లది, జవాబు మనది. ముప్పై రెండేండ్ల సంది ఇస్తున్న. సభకు మన కాయితం తప్ప వేరే ఆధారం ఏమున్నది? మనం నిల్ అంటే నిల్. అయినా మార్చిల నీ కాంట్రాక్టు కాయితం మీద దస్కత్ వెట్టేది ఎవలు? జర యాది పెట్టుకో.”

ఆయన గొంతు పెంచలేదు. డబ్బా తెరిచి ఒక సోంపు గింజ నోట్లో వేసుకున్నాడు. సౌందర్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా వెళ్లి కూర్చుని ‘నిల్’ అని టైపు చేసింది. భయపడింది. ఆ ముక్కను ఇంకోలా చెప్పుకోవడానికి లేదు. ఇంట్లో నెల తిరిగేసరికి నికరంగా వచ్చే జీతం ఆమెదొక్కటే. మూడు గంటల యాభై నిమిషాలకు సున్నా హైదరాబాదు బయల్దేరింది.

సోమవారం పదింటికే వరండా నిండిపోయింది. భూమవ్వ వరసలో మూడో మనిషి. సోమారంపల్లెలో ఎకరంన్నర చెరుకు, ఒక బావి ఉన్న ముసలావిడ. ఆమె బల్ల మీద ఒక నీళ్ల సీసా పెట్టింది. లోపలి నీళ్లు బెల్లం పానకంలా ఉన్నాయి. మూత గట్టిగా బిగించి ఉన్నా వాసన ఆగడం లేదు.

“సూడు బిడ్డా. గిది బావి నీళ్లంటే ఎవలన్న నమ్ముతరా?” చేతులు ముందుకు చాచి మోచేతుల దాకా పొడలు పొడలుగా లేచిన చర్మం చూపించింది. “బర్రెలు మూతి గూడ వెడ్తలేవు. చెరుకు మొదళ్లు నల్లగైనయి. కాలువ కాడికి వోయి బిందెలు మోసుకొస్తున్నం.”

సౌందర్య రసీదు పుస్తకం ముందుకు జరుపుకుంది. “ఇంకో అర్జీ తెచ్చినవా అవ్వా?”

“తేలే. ఇగ అర్జీతోని పనేమున్నది? ఎల్లుండి ఢిల్లీ సభల మా ఊరి సంగతి తీస్తరట గద. మంత్రి నిలవడి జవాబ్ చెప్పాల్నట. ఊరంత ఫోన్ల సూస్తం.” ముసలావిడ వంగి సౌందర్య గడ్డం పట్టుకుంది. “నువ్వు ముద్రలు గొట్టి పంపినయే గద ఆడిదాక వోయినయి. నీ కడుపు సల్లగుండ! గీ నీళ్లు ఒక్కపారి నీకు గూడ సూపెట్టాల్నని తెచ్చిన.”

సౌందర్య తల దించుకుంది. ఆ చేయి తన గడ్డం మీద నుంచి ఎప్పుడు తీస్తుందా అని చూసింది. తిట్టినా బాగుండేది.

భూమవ్వ వెంట వచ్చిన మనిషి స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. పేరు భానుప్రసాద్. నలభై అయిదేళ్లుంటాయి, ఒకప్పుడు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పాడు. ఇప్పుడు ఆ ప్రశ్న వేసిన పార్లమెంటు సభ్యుడి ఆఫీసులో ఉన్నాడు. అతనెవరో భూమవ్వ చెప్పగానే సౌందర్య కుర్చీలోంచి లేచి అతని దగ్గరికి వెళ్లింది.

“ప్రశ్న రాసింది మీరేనా?”

“నేనే మేడం. సోమారంపల్లె మొత్తం తిరిగి రాసిన.”

“జవాబు టైపు చేసింది నేనే,” అంది. “నిల్ అని చేసిన. అవ్వకు చెప్పకుండ్రి.”

అతనికి కోపం వచ్చినట్టుంది, కానీ ఆమె మీద కాదు. “మా సభ్యునికి చదివేటోన్ని, రాసేటోన్ని అన్నీ నేనొక్కన్నే. రైళ్ల మీద, ఎరువుల మీద, దవాఖానల మీద, అన్నిటి మీద నేనే రాయాలె. మంత్రికేమో ఎనక గ్యాలరీల అధికారులు వరసగ కూసుంటరు, చీటీ మీద చీటీ అందిస్తరు. సభకు సొంతంగ పోయి సూసొచ్చే మనిషి లేడు. ఎవల మీద అనుమానమో వాళ్లనే అడగాలె, వాళ్లు చెప్పిందే వినాలె. ఇగ ఎట్లుంటది మేడం, గిట్లనే ఉంటది.”

“మరి ఇగ ఏం చెయ్యరాదా?”

“బుధవారం మా ప్రశ్న మూడో నంబరు. మంత్రి జవాబిచ్చినంక లేచి ఇంకో మాట అడగనిస్తరు. అర నిమిషం ఉంటది. ఆ అర నిమిషంల పట్టుకొని చూపెట్టేటందుకు, ఏ చర్యా తీసుకోలేదని తేల్చే మీ ఆఫీసు కాయితమే కావాలె. ఊరోళ్ల రసీదులతోని కాదు. రసీదుంటే ఏమంటరు, పరిష్కారమైందంటరు.”

సౌందర్య గోడకేసి చూసింది. అక్కడ పౌర సేవల బోర్డు ఉంది. ఏడో వరసలో ‘అర్జీదారు స్వయంగా కోరిన వెంటనే అర్జీ స్థితి పత్రం ముద్ర వేసి ఇవ్వబడును’ అని ఉంది. తొమ్మిదేళ్లలో ఒక్కరూ కోరలేదు. అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. ఆమె భూమవ్వ దగ్గరికి వచ్చి చెవి దగ్గర వంగింది.

“అవ్వా, రేపు నలభై ఒక్క ఇండ్లోళ్లు రావాలె. రసీదులు పట్టుకొని రావాలె. ఒక్కొక్కలు నా ముందట నిలవడి ‘నా అర్జీ ఏమైంది’ అని అడగాలె. ఇంకేం మాట్లాడొద్దు.”

“మాట్లాడకుంట ఉండుడు మావోళ్లకు కష్టం బిడ్డా,” అంది భూమవ్వ. “అయినా తోలుకొస్త.”

చెరుకు తోలే రెండు ట్రాలీల్లో వచ్చారు. మంగళవారం పదిన్నరకు వరస గేటు దాటి బోధన్ రోడ్డు అంచుదాకా సాగింది. సౌందర్య రసీదు నంబరు కొట్టడం, ప్రింటరు గుర్రుమని కాగితం వదలడం, ఆమె ముద్ర వేసి సంతకం చేసి ఇవ్వడం. కాగితంలో నాలుగే వరసలు. అందిన తేదీ. పంపిన చోటు: బోధన్. తీసుకున్న చర్య అన్నచోట ఏమీ లేదు. స్థితి: పరిష్కృతం.

“ఏమున్నది బిడ్డా గీ కాయితంల?” అని ప్రతి ఒక్కరూ అడిగారు. చదివి చెప్పక తప్పలేదు.

“పరిష్కారమైంది అని ఉన్నది.”

“ఏం పరిష్కారమైంది?”

మొదటి పదిమందికి నీళ్లు నమిలింది. పదకొండో మనిషి ఎర్రన్న. ఆయన బావి ఫ్యాక్టరీ ప్రహరీకి వంద గజాల్లో ఉంది. కాగితం తిప్పి తిప్పి చూసి, “అంటే ఇప్పుడు నేను ఇంటికి వోయి సూస్తే బావిల నీళ్లు తెల్లగుంటయా?” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఆఫీసు ముద్ర మీద ఆయనకు అంత నమ్మకం.

“ఉండయి అన్నా,” అంది సౌందర్య. “ఎవలూ రాలే, ఎవలూ సూడలే. ఊకెనే పరిష్కారమైందని నొక్కినం. నొక్కింది నేనే.”

తర్వాత అడిగిన ముప్పైమందికీ ఆమె ఆ మాటే చెప్పింది. చెప్పినకొద్దీ గొంతు గట్టిపడింది. సిగ్గు కాస్తా కోపమైంది. ఈ నలభై ఒక్కమందీ వేరువేరు రోజుల్లో, బస్సు చార్జీలు పెట్టుకుని, కూలి మానుకుని వచ్చినవాళ్లు. ఒక్క నొక్కుతో వాళ్లందర్నీ లేనివాళ్లను చేయడానికి తనకు ఎంతసేపు పట్టిందో గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మధ్యాహ్నం దశరథం బయటికొచ్చాడు. వరసను చూశాడు. సౌందర్య బోర్డు మీది ఏడో వరసకేసి వేలు చూపింది. ఆయన అది పూర్తిగా చదివాడు, బహుశా మొదటిసారి.

“గింత టోనర్ ఖర్చైతే ఎవడిస్తడు?” అన్నాడు చివరికి.

“బోర్డు మీద టోనర్ సంగతి రాయలే సార్,” అని ఆమె తర్వాతి రసీదు అందుకుంది.

నలభై ఒక్క పత్రాలూ సాయంత్రానికి భానుప్రసాద్ చేతిలో ఉన్నాయి. చీకటి పడకముందే ఢిల్లీలో ఆ సభ్యుడి ఫోనులోకి చేరాయి.

బుధవారం పదకొండు గంటలకు సౌందర్య ఫోనును కంప్యూటరుకు ఆనించి పెట్టింది. సోమారంపల్లెలో పంచాయతీ ఆఫీసు ముందు జనం కూర్చున్నారని భూమవ్వ పొద్దున్నే ఫోను చేసి చెప్పింది. సభ మొదలైంది. మొదటి ప్రశ్న నంబరు పిలవకముందే ఒక వైపువాళ్లు అట్టలు పట్టుకుని నడి సభలోకి దూసుకొచ్చారు. వాళ్ల గొడవ వేరే ఏదో ఉంది, అది సోమారంపల్లెది కాదు. రెండో వైపువాళ్లు వాళ్లను ఆపలేదు, ఆపాలని అనుకున్నట్టూ లేదు. బల్లలు చరుస్తూ తామూ అరిచారు. మంత్రి కాగితాలు సర్దుకుంటూ మెల్లగా నవ్వడం సౌందర్యకు తెర మీద కనిపించింది. పదకొండు దాటి నాలుగు నిమిషాలకు సభ పన్నెండింటికి వాయిదా పడింది. ప్రశ్నల గంట అయిపోయింది. మూడో నంబరు సభ్యుడు కాగితాలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. కెమెరా అటు తిరగలేదు.

సాయంత్రం జవాబును సభ వెబ్‌సైటులో పెట్టారు. నోటితో చెప్పే వీలు లేకపోయింది కాబట్టి రాతలో ఇచ్చినట్టు లెక్క. ‘అటువంటి ఫిర్యాదులేవీ అందలేదు. మిగిలిన అంశాలు ఉత్పన్నం కావు.’ దశరథం ప్రశ్న పూర్తిగా చదవకుండానే చెప్పిన రెండు ముక్కలు ఇంగ్లీషులో, హిందీలో, మంత్రి పేరు కింద అచ్చయి ఉన్నాయి. ఇక యాభై ఏళ్ల తర్వాత ఎవరు తీసి చూసినా సోమారంపల్లె నీళ్లు తేటగానే ఉంటాయి. సభ నోరు నొక్కేది మంత్రులూ ఆఫీసులే అని సౌందర్య ఇన్నాళ్లూ అనుకుంది. సగం పని సభ తన చేతులతో తానే చేసిపెట్టింది. ఆమె ఫోనును బోర్లా పెట్టింది. ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది. కొట్టాల్సినవాళ్లు ఒక్కరు కాదు, పైగా అందరూ దూరంలో ఉన్నారు.

భానుప్రసాద్ ఫోను చేశాడు. “ఇంకో దారున్నది మేడం. జవాబు తప్పని స్పీకరుకు రాస్తున్నం, పత్రాలు జతచేసి. తప్పని తేలితే మంత్రి సభలనే దిద్దుకోవాలె. కానీ సమావేశాలు వచ్చే శుక్రవారంతోని ఖతం. అప్పటిదాక సాగదీస్తే ఇగ పోయినట్టే.”

తర్వాతి మంగళవారం మెయిల్ వచ్చింది. ఈసారి ఆరు ఉత్తరాలు. సభ్యుడి ఆరోపణ మీద స్పీకరు కార్యాలయం మంత్రిని అడిగింది. మంత్రి శాఖను, శాఖ రాష్ట్రాన్ని, రాష్ట్రం జిల్లాను అడిగాయి. ‘వాస్తవ నివేదిక ఈ రోజే పంపవలెను.’ మీరు అబద్ధం చెప్పారా అని అడిగే కాగితం తిరిగి తిరిగి అదే బల్ల మీదికి, అదే కుర్చీలోని మనిషి దగ్గరికి వచ్చింది. సౌందర్యకు నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

దశరథం లోపల గంటసేపు హైదరాబాదుతో ఫోనులో ఉన్నాడు. బయటికి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అలా ఎప్పుడూ కూర్చోలేదు.

“రాయి. నలభై ఒక్క ఫిర్యాదులు అందిన మాట వాస్తవం.”

ఆమె వేళ్లు ఆగాయి. ఆయన నోట ఆ అంకె వస్తుందనుకోలేదు.

“మన ముద్ర ఉన్నది కద, కాదంటే నడవదు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “అయితే, డేటా ఎంట్రీ ఆపరేటర్ పొరపాటున వాటిని పరిష్కృతమని నమోదు చేసినందున, సమాచారం సరిగా అందలేదు. రాయి బిడ్డా.”

సౌందర్య రాయలేదు.

“పై నుంచి చెప్పిండ్రు. ఎవలదో ఒకలది తప్పు ఉండాలె కద. మంత్రి సభల నిలవడి ‘మా పద్ధతే గిట్ల’ అంటడా? చిన్న మనిషి తప్పైతే సభ కూడా ఊకుంటది. నిన్ను తీసెయ్యాలంటరు. రెండు నెలలైనంక ఇంకో ఏజెన్సీల పెట్టిస్త, నా మాట నమ్ము.”

“నేను రాయనంటే?”

“విచారణల ఉన్నదని రాస్త. శుక్రవారం సభ లేస్తది. నిల్ నిల్లే ఉంటది.”

ఆయన బెదిరించలేదు. ఉన్నదే చెప్పాడు. ఆమెకు అదే ఎక్కువ కోపం తెప్పించింది. నలభై ఒకటి అనే అంకె ఆ సభలోకి వెళ్లడానికి ఇన్ని ఆఫీసుల్లో ఒక్క దారీ దొరకలేదు. దొరికిన ఒక్కటీ తన మెడ మీద నుంచి పోతోంది. లేచి వెళ్లిపోదామనుకుంది. ఎర్రన్న కాగితం తిప్పి చూసిన తీరు గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది.

“రాస్త సార్,” అంది. “ఆపరేటర్ అని గాదు, నా పేరే రాస్త. కానీ నలభై ఒక్క పేర్లు, బావుల సర్వే నంబర్లు, తారీఖులు కింద జతచేస్త. బోధన్ కుర్చీ ఎన్ని నెలల సంది ఖాళీగున్నదో గదీ రాస్త.”

“గదంత ఎందుకు?”

“తప్పు నాదని నమ్మాలంటే ఎంత తప్పు చేసిన్నో కనవడాలె గద.”

దశరథం గడియారం చూశాడు. మూడూ ఇరవై. “జల్దీ కానియ్యి,” అన్నాడు.

ఆమె పేర్లు కొట్టింది. పొట్టిపేర్లు కొట్టలేదు, ఇంటిపేరు, తండ్రి పేరు లేక భర్త పేరు, అన్నీ పూర్తిగా కొట్టింది. జాబితా రెండు పేజీలైంది. నివేదిక చివర ఇంకో వాక్యం చేర్చింది: ‘సదరు పొరపాటును సరిదిద్ది, నలభై ఒక్క అర్జీలను ఈ రోజే తిరిగి తెరవడమైనది.’ దశరథం తన బాధ్యత లేదన్న ముక్క ఉందో లేదో మాత్రం చూసుకుని సంతకం చేశాడు. నాలుగింటికి పది నిమిషాల ముందు నివేదిక వెళ్లిపోయింది.

ఆయన ముఖం తేటపడింది. రెండు చాయ్‌లు తెప్పించి ఒకటి ఆమె ముందు పెట్టాడు. “కోపం పెట్టుకోకు బిడ్డా.”

“పెట్టుకున్న సార్,” అంది సౌందర్య. “మీ మీద ఉన్నది, నా మీద ఉన్నది, ఆ సభ మీద గూడ ఉన్నది. పోగొట్టుకోను.”

చాయ్ ముట్టుకోలేదు. లాగిన్ ఇంకా పనిచేస్తోంది. అర్జీల పట్టిక తెరిచి పై నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క వరసా ఎర్రబడుతూ వచ్చింది. పదిహేనో వరస దగ్గర దశరథం గ్లాసు కింద పెట్టాడు.

“ఏం చేస్తున్నవ్?”

“తిరిగి తెరిచినమని రాసినం కద సార్. మీరే దస్కత్ చేసిండ్రు.”

“అయితే శుక్రవారం మళ్ల పచ్చగ చెయ్యొచ్చు కద?”

“చెయ్యరాదు సార్. పచ్చగ చేసుడే తప్పని పార్లమెంటుకు రాసిచ్చినం. ఇగ ఎవల లాగిన్‌తోని నొక్కినా తెలిసి చేసినట్టయితది. మళ్ల పరిష్కారం అని పెట్టాలంటే సోమారంపల్లెకు వోవుడొక్కటే దారి. సీసల నీళ్లు పట్టుకొని రావాలె, పరీక్ష చేపియ్యాలె, ఫ్యాక్టరోళ్లకు నోటీసియ్యాలె.”

సౌందర్య నలభై ఒకటో వరస నొక్కి లేచింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది.

బల్ల మీది ఫోను మోగింది. హైదరాబాదు నంబరు. ఒకేసారి నలభై ఒక్క ఎర్ర వరసలు వాళ్ల తెర మీద పడినట్టున్నాయి. దశరథం అలవాటు చొప్పున ఎత్తమని ఆమెకు సైగ చేశాడు. తొమ్మిదేళ్లుగా ఆ ఫోను ఎత్తింది ఆమే, ‘సార్ సీట్లో లేరు’ అని చెప్పిందీ ఆమే.

“సార్ సీట్లనే ఉన్నరు,” అంది సౌందర్య, ఫోను ఆయన ముందుకు జరిపి బయటికి నడిచింది.